పుష్కరాలకు పన్నెండు రోజులు, చీపురుకు పన్నెండేళ్ళు

"ఇంత ఇల్లెందుకక్కా, ఉండేది ఇద్దరే కదా?" అని ఎవరైనా అడిగితే మా రాజమండ్రి వాళ్ళ దగ్గర తిరుగులేని జవాబొకటుంది. "పుష్కరాలొస్తే?" అంటాం. అడిగినవాళ్ళు ఇంక మాట్లాడరు. 2003లో వచ్చాయి, 2015లో వచ్చాయి, 2027లో మళ్ళీ ఉన్నాయి. వచ్చినప్పుడల్లా చుట్టాలు, చుట్టాల చుట్టాలు, "మీవారూ నేనూ ఒకే హాస్టలండీ" అంటూ గుమ్మంలో బ్యాగు దింపేవాళ్ళు. వరండా నిండా చాపలు, పెరట్లో కర్రల పొయ్యి, స్నానాలగది ముందు వరస. అందరికీ చోటుండాలి కదా మరి!

బాగానే ఉంది. కానీ ఒక్క లెక్క వేసి చూడు చెల్లాయ్. పుష్కరాలు పన్నెండేళ్ళకోసారి, పన్నెండు రోజులు. అంత్య పుష్కరాలు కూడా కలుపుకుంటే ఇరవై నాలుగు. ఆ ఇరవై నాలుగు రోజుల మర్యాద కోసం మిగతా పన్నెండేళ్ళూ ఆరు గదులు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, బూజులు దులిపి, పెరట్లో రాలిన కొబ్బరాకులు ఈడ్చేదెవరు? మీ బావగారా? ఆయన వంతు పడక్కుర్చీలోంచి "పుష్కరాలొస్తే ఎలాగే?" అనడం వరకే.

కాబట్టి ఈసారి ముచ్చట ఇదే. పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ స్థిరపడ్డాక, మోకాళ్ళు మొరాయించడం మొదలెట్టాక, పెద్దిల్లు వదిలి రెండు గదుల ఫ్లాటులోకి మారడం. మేం దానవాయిపేటలో ఇల్లు అమ్మి రాజమండ్రిలోనే ఫ్లాటుకి మారాం. "ఏం వదినా, ఈ వయసులో అన్నయ్య చేత చిన్నిల్లు పెట్టించావా?" అని మా ఆడపడుచు ఇప్పటికీ వేళాకోళమాడుతుంది. ఆడనీ. నేను చెప్పొచ్చేది వేరు. ఇల్లు మారడం గురించి ఎవరు సలహా చెప్పినా సామాన్లు ఎలా తగ్గించుకోవాలో చెబుతారు. అసలు సంగతి సామాన్లలో లేదు. ఆ నిర్ణయం జరుగుతున్నప్పుడు నువ్వు గదిలో ఉన్నావా, వంటింట్లో ఉన్నావా అన్నదాంట్లో ఉంది.

చాలా ఇళ్ళల్లో ఎలా జరుగుతుందో నీకూ తెలుసు. ఆదివారం పొద్దున్న అమెరికా నుంచో బెంగుళూరు నుంచో ఫోనొస్తుంది. "నాన్నా, అంత ఇల్లు మీరు చూసుకోలేరు, అమ్మేయండి" అంటాడు పెద్దాడు. "ఇక్కడ మా దగ్గర్లో ఓ ఫ్లాటు చూశాం" అంటాడు రెండోవాడు. "సరేరా, మీరెలా అంటే అలా" అంటారు నాన్నగారు. ముప్ఫై ఏళ్ళు ఆ ఇంటికి సున్నాలు వేయించి, చూరు కారితే పెంకులు సర్దించి, ముగ్గులేసి, పురుళ్ళు పోసిన మనిషి అప్పుడు పప్పులో పోపు వేస్తూ ఉంటుంది. ఆవిడ దాకా వచ్చే మాట ఒక్కటే: "అమ్మా, సామాన్లు సర్దడం మొదలెట్టు." వాళ్ళు చెడ్డవాళ్ళని కాదమ్మా, ప్రేమతోనే అంటారు. కానీ అడగరు. మనమూ చెప్పం. అలవాటు లేదు కదా!

అలవాటు చేసుకో. నువ్వు మొదట తేల్చుకోవాల్సింది ఏ ఊరన్నది. ఇల్లు మారడమూ ఊరు మారడమూ ఒకేసారి పెట్టుకోవద్దని నా గట్టి అభిప్రాయం. నలభై ఏళ్ళుగా నీ బీపీ సంగతి తెలిసిన డాక్టరు, జాకెట్టు కొలత అడక్కుండా కుట్టే టైలరు, బ్యాంకులో "అమ్మగారూ, మీ ఫారం నేను నింపిస్తాను, కూర్చోండి" అనే గుమాస్తా, సాయంత్రం గోదావరి గట్టు మీద కలిసే నలుగురు. వీళ్ళు కొత్త ఊళ్ళో అపార్టుమెంటుతో పాటు రిజిస్ట్రేషన్ అవరు. మా తోడికోడలు హైదరాబాదులో కొడుకు ఫ్లాటు పక్క ఫ్లాటే కొనుక్కుని వెళ్ళింది. మనవలు స్కూలుకి, కొడుకూ కోడలూ ఆఫీసుకి పోయాక పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఏడు దాకా ఆవిడకి మాట్లాడే దిక్కు లేదు. "పక్కనే ఉన్నారు కదే" అంటే, "ఉన్నారక్కా, పగలంతా నా మాట వినేది గోడే" అంది. మారాలనే ఉంటే ముందు ఆ ఊళ్ళో ఆరు నెలలు అద్దెకుండి చూడండి. ఇక్కడి ఇల్లు అద్దెకిచ్చి వెళ్ళండి. ఆ తర్వాత కూడా బాగుందనిపిస్తే అప్పుడు అమ్మకం మాట.

ఇంక రెండోది, ఇది చెవిలో చెప్పే మాట. కొత్త ఫ్లాటు ఎవరి పేరు మీద?

"ఆయన పేరుంటే నా పేరున్నట్టు కాదా అక్కా?" అంటావు. కాదమ్మా. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, భర్త వీలునామా రాయకుండా పోతే ఆయన పేరు మీదున్న ఆస్తిలో భార్య, కొడుకులు, కూతుళ్ళు, బతికుంటే ఆయన తల్లి, అందరూ సమాన వాటాదారులు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉంటే నువ్వు కాపురముంటున్న ఇంట్లో నీ వాటా నాలుగో వంతు. మిగతా మూడు వంతుల్లో నువ్వు వాళ్ళ దయ మీద ఉన్నట్టు లెక్క. పిల్లలు బంగారాలే, కాదనను. వాళ్ళకి అప్పులుంటాయి, వియ్యాలవారుంటారు, అవసరాలుంటాయి. కొనేటప్పుడే ఇద్దరి పేర్లూ రాయించుకుంటే సగం చిక్కు పోతుంది. రెండో పేరు చేర్చినందుకు స్టాంపు డ్యూటీ పెరగదు. మిగతా సగానికి వీలునామా. దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, సంతకం చూసిన ఇద్దరు సాక్షులు చేవ్రాలు చేస్తే చాలు. అయినా రిజిస్టరు చేయించడమే నయం, రేపు ఇది మా నాన్న సంతకం కాదని ఎవరూ అనరు. "వీలునామా అంటే నేను పోవాలని ఉందా?" అని మీ బావగారు మొదట ముఖం ముడుచుకున్నారు. "మీరొక్కరే రాస్తే అలా అనుకోవచ్చు, ఇద్దరం రాద్దాం" అన్నాను. ఇద్దరం రాశాం.

డబ్బు సంగతి. పెద్దిల్లు అమ్మి చిన్నది కొంటే బోలెడు మిగుల్తుందని పిల్లలూ పక్కింటివాళ్ళూ లెక్కలేస్తారు. ఆ లెక్కలో ఆదాయపు పన్ను ఉండదు. పాత ఇల్లు అమ్మిన లాభంతో ఏడాది ముందు గానీ, తర్వాత రెండేళ్ళలోపు గానీ ఇల్లు కొంటే, కట్టుకుంటే మూడేళ్ళలోపు, కొత్తింటికి పెట్టినంత మేర లాభం మీద పన్ను ఉండదు. మన చిక్కంతా ఇక్కడే. మనం కొనేది చిన్నది కదా! లాభం అంతా అందులో పట్టదు. పట్టని దాని మీద 12.5 శాతం పన్ను, సెస్సు అదనం. 2024 జులై 23కి ముందు కొన్న ఇల్లయితే, ధరల పెరుగుదల లెక్కగట్టి 20 శాతం కట్టే పాత పద్ధతి కూడా వేసి చూసి, ఏది తక్కువైతే అది కట్టొచ్చు. మనలాంటి వాళ్ళ ఇళ్ళు చాలా వరకు 2001కి ముందువే. అలాంటివాటికి అప్పుడెప్పుడో పెట్టిన వేలు కాకుండా 2001 ఏప్రిల్ 1 నాటి మార్కెట్ విలువని కొన్న ధరగా చూపించుకోవచ్చు, వాల్యుయర్ చేత సర్టిఫికెట్ తీసుకోవాలి. రిటర్ను గడువులోగా కొత్తిల్లు కుదరకపోతే ఆ సొమ్ముని సేవింగ్స్ ఖాతాలో ఉంచకు. బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతా అని వేరే ఉంటుంది, అందులో వేయాలి. ఇంకో దారి, అమ్మిన ఆరు నెలల్లో 50 లక్షల వరకు ఇందుకోసమే ఉన్న ప్రభుత్వ సంస్థల బాండ్లలో పెట్టొచ్చు, ఐదేళ్ళు కదపడానికి లేదు. ఇదంతా బయానా పుచ్చుకోకముందే ఆడిటర్ని అడగాల్సిన విషయం. అడిగేటప్పుడు నువ్వూ వెళ్ళి పక్క కుర్చీలో కూర్చో. అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమను. మనం కట్టే ఫీజుకి రెండుసార్లు చెబుతారు.

మిగిలిన డబ్బు మిగిలినట్టుగా ఉండదు, అదింకో కథ. "ఎలాగూ మాకే కదమ్మా, ఇప్పుడే ఇస్తే ఇక్కడ లోను తీరిపోతుంది" అన్న మాట ఏదో ఒక మూల నుంచి వస్తుంది. ఇవ్వాలనిపిస్తే ఇవ్వు, కానీ పదిహేనేళ్ళకి సరిపడా మందులూ పనిమనిషీ ఆసుపత్రీ పక్కన పెట్టుకున్నాక ఇవ్వు. ఇల్లే గిఫ్టు డీడ్ రాసిమ్మంటే మరీ జాగ్రత్త. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఉంది. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూసుకోకపోతే, ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్ ఆ దస్తావేజుని రద్దు చేయగలదు. కాకపోతే ఆ షరతు దస్తావేజులో మాటల్లో రాసి ఉంటేనే భద్రం. "కొడుకు దగ్గర షరతు రాయించుకోవడమేంటి, నలుగురూ ఏమనుకుంటారు" అంటావు. నలుగురూ కాయితం చదవరమ్మా, ట్రిబ్యునల్ చదువుతుంది.

స్థలం బిల్డరుకి డెవలప్‌మెంటుకిచ్చి రెండు ఫ్లాట్లు పుచ్చుకునే పద్ధతి మా పేటలో ఇంటింటా నడుస్తోంది. యాభై ఐదేళ్ళ వాళ్ళకి మంచిదే. డెబ్భై దాటాక అద్దింట్లో కూర్చుని, స్లాబు ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసే ఓపిక ఎవరికుందమ్మా? ఇవ్వాలనుకుంటే ఏ అంతస్తు, ఏ నంబరు ఫ్లాటు, ఎన్నాళ్ళకి, అంతవరకు మన అద్దె ఎవరు కట్టాలి అన్నవి అగ్రిమెంటులో ఎక్కాల్సిందే.

హమ్మయ్య, కాయితాలు అయ్యాయి. అటక ఎక్కుదాం పద.

మా అటక మీంచి మొదట దిగినవి ఇత్తడి. రెండు గంగాళాలు, గుండిగ, బిందెలు, మూత ఊడిపోయిన మరచెంబు, కళాయి పోయిన గిన్నెలు. కళాయి వేసేవాడు వీధిలోకి రావడం మానేసి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు. పాత ఇత్తడి కొనేవాడు కాటా పట్టుకుని వచ్చాడు. మా అత్తయ్యగారు కాపురానికి తెచ్చుకున్న గంగాళం తిరగేసి, అడుగున గోరుతో గీకి, "పాతది కదమ్మా, ఇంతకి పోదు" అన్నాడు. వాడి వ్యాపారం వాడిది. నేనే ఇవ్వలేదు. అది ఆవిడ ఊరి రామాలయానికి వెళ్ళింది. శ్రీరామనవమికి అందులో పానకం కలుపుతున్నారు. మా ఇంట్లో అటక మీద ఉన్నన్నాళ్ళూ దానికి పనే లేదు. మిగతావి మాత్రం కాటాకే వేశాను. అన్నింటికీ రామాలయాలు ఎక్కణ్ణుంచి తెస్తాం?

తర్వాత స్టీలు. ఇదీ అసలు పరీక్ష. ప్రతి గిన్నె అంచు మీదా, ప్రతి గ్లాసు మీదా చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించి ఉంటాయి కదా, అవి చదవడం మొదలెడితే పొద్దు తెలీదు. మా పెళ్ళికి మా మేనత్త ఇచ్చిన టిఫిన్ క్యారేజీ మీద ఆవిడ పేరు, తారీకు, పక్కన "వివాహ కానుక". కొట్టినవాడు ఆవిడ పేరులో ఒక కొమ్ము మరిచిపోయి, తర్వాత ఇరికించి కొట్టాడు. ఆ కొమ్ము కింది గిన్నె అంచు దాకా జారింది. ఆ రోజుల్లో ఆవిడ కొట్టువాడితో ఎంత పోట్లాడి ఉంటుందో ఊహించుకోగలను, పేరు తప్పు పోతే ఊరుకునే మనిషి కాదు. ఇప్పుడావిడ లేదు, క్యారేజీకి పైన గిన్నె కూడా లేదు. ఆ క్యారేజీ మాత్రం నాతో వచ్చింది. మిగతా పేర్ల గిన్నెలు ఎవరి పేరుంటే వాళ్ళింటికి పంపించాను. "మీ అమ్మగారి పేరున్న పళ్ళెం మా దగ్గరుంది" అంటే ఎంత సంబరపడ్డారో! కొందరైతే ఏళ్ళ తర్వాత ఫోన్ చేసి గంట మాట్లాడారు. పేరు లేనివి, ఒకరివే నాలుగేసి ఉన్నవి పనిమనిషికీ, కాటరింగు చేసుకునే కుర్రాడికీ ఇచ్చేశాను.

పిల్లలకి దాచడం మానెయ్ చెల్లాయ్. ఫోటోలు తీసి వాట్సాపులో పెట్టి, "సంక్రాంతి లోపు ఎవరికేం కావాలో చెప్పండి, ఆ తర్వాత అడగొద్దు" అన్నాను. మా తాతగారు రంగం నుంచి తెప్పించిన బర్మాటేకు పందిరి మంచం ఉంది కదా, ఎవరైనా ఎగబడతారనుకున్నాను. ఒక్కరూ మాట్లాడలేదు. కొడుకులిద్దరూ "మాకు చోటు లేదమ్మా" అన్నారు. అది ఫ్లాటు లిఫ్టులోనూ పట్టదు, మెట్ల మలుపూ తిరగదు. పాత సామాను కొనేవాళ్ళు నాలుగు కోళ్ళూ విప్పి పట్టుకుపోయారు. చిన్న కోడలు మాత్రం ఒక్కటే అడిగింది: "అత్తయ్యా, ఆ రాచ్చిప్ప నాకిస్తారా? మీ ముక్కల పులుసు దాన్లోనే కాస్తాను." ఇరవై మూడు కిలోల పెట్టెలో ఆ రాయి వేసుకుని డల్లాసు వెళ్ళింది ఆ పిల్ల. నేను జన్మలో ఊహించలేదు. మనం దాచిన వాటికి, వాళ్ళకి కావలసిన వాటికి సంబంధం ఉండదమ్మా, అడిగితేనే తెలుస్తుంది.

పట్టుచీరలు? జరీ ఊడినవి వీధిలో "పాత పట్టుచీరలు కొంటాం" అని అరుస్తూ వచ్చేవాడికివ్వు, అంచు గట్టిగా ఉన్నవి మనవరాళ్ళకి పరికిణీలు కుట్టించు. పెళ్ళిచీర ఉంచుకో, దాని గురించి ఎవరి సలహా వినకు. పుస్తకాలు, వారపత్రికల్లోంచి చించి కుట్టించిన సీరియల్స్ బస్తాల కొద్దీ ఉంటే, పేపర్లవాడికి వేసే ముందు ఊళ్ళో పెద్ద గ్రంథాలయాన్ని అడిగి చూడు. మాకు గౌతమీ గ్రంథాలయం ఉంది. వాళ్ళకి లేనివేవో వాళ్ళనే ఏరుకోమను. లైబ్రరీ అంటే మన అటకకి కొత్త అడ్రసు కాదు. మాలతీ చందూర్ గారి 'వంటలు-పిండివంటలు' మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, అట్ట ఊడిపోయి నెయ్యి మరకలతో నా దగ్గరే ఉంది. సన్నికల్లు కూడా వదలకు. రేపు మనవరాలి పెళ్ళిలో తొక్కించడానికి ఊరంతా వెతుక్కోవాలి. దేవుడి పటాలు మాత్రం పెళ్ళిళ్ళకీ గృహప్రవేశాలకీ ఎవరెవరో ఇచ్చినవి డజన్ల కొద్దీ పోగవుతాయి. వాటిని తీసుకెళ్ళి రావిచెట్టు మొదట్లో వదిలేసి వచ్చే అలవాటు నాకు బొత్తిగా నచ్చదు. మనం నమస్కారం పెట్టిన పటం వర్షానికి నాని, అద్దం పగిలి, ఎవరి కాలిలోనో గుచ్చుకోవడం ఏం పుణ్యం? ఫ్రేము విప్పి, అద్దం వేరు చేసి, కాగితం ఇంట్లోనే బకెట్టు నీళ్ళలో నానబెట్టి మొక్కలకి పోశాను. పూజ చేసేది మూడే మూడు పటాలకి, అవి ఉన్నాయి.

ఇప్పుడు ఫ్లాటు చూసేటప్పుడు ఏం చూడాలో చెబుతాను. హాల్లో షాండిలియరు చూపిస్తారు, నువ్వు స్నానాలగది చూడు. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపుని మనిషే అడ్డం పడి తెరవనివ్వదు. గుమ్మం వెడల్పు టేపు పెట్టి కొలువు, చాలా ఫ్లాట్లలో రెండున్నర అడుగులే ఉంటుంది, చక్రాల కుర్చీ ఇరుక్కుంటుంది. కమోడు పక్కన పట్టుకోవడానికి రాడ్డు బిగించే గోడ ఉందా? లిఫ్టులో స్ట్రెచరు పడుతుందా? కరెంటు పోతే లిఫ్టు నడిచే జనరేటరు ఉందా, దాని డీజిలు డబ్బులు అసోసియేషన్ క్రమంగా వసూలు చేస్తోందా? బ్రోచరులో పన్నెండు వందల చదరపు అడుగులంటే అందులో గోడలు, మెట్లు, లిఫ్టు గుంట, కారిడారు అన్నీ కలిపే ఉంటాయి. 2016 రెరా చట్టం వచ్చాక కొత్త ఫ్లాటుని కార్పెట్ ఏరియా లెక్కనే అమ్మాలి. కార్పెట్ ఏరియా ఎంతండీ అని అడుగు, అడిగినప్పుడు అవతలివాళ్ళ ముఖం కూడా చూడు. స్థలంలో మన వాటా ఎన్ని గజాలో దస్తావేజులో ఉండాలి. యాభై ఏళ్ళ తర్వాత కట్టడం పోయినా ఆ గజాలుంటాయి.

వంటగదిలో మాత్రం నేను ఎవరి మాటా వినలేదు. గట్టు నా నడుం ఎత్తుకి వేయించుకున్నాను, పైన సామాను పెట్టే అలమరాలు రెండే, అవీ చేతికందేవి. స్టూలు ఎక్కాల్సిన అవసరం ఎక్కడా లేదు. మా డాక్టరు గారు చెప్పేదాన్ని బట్టి, మా వయసు ఆడవాళ్ళ తుంటి ఎముకలు విరిగేది స్నానాలగదిలో, లేదంటే స్టూలు మీంచి.

పెద్దిల్లు పోతే పోయేవి ఉన్నాయి, లేవని అనను. పెరట్లో విరజాజి పందిరి. దాని పూలు వీధిలో ఆరు ఇళ్ళకి వెళ్ళేవి. ఆవకాయకి వందకాయ కొట్టించి, నూనె పోసి, జాడీలకి వాసెన కట్టే హడావుడి. ఇప్పుడు పాతిక కాయ, మార్కెట్లోనే కొట్టించుకుని వస్తున్నాం. వడియాలు పెట్టడానికి మేడ మీదకి వెళ్తే అసోసియేషన్ ప్రెసిడెంటు "మేడమ్, ట్యాంకుల దగ్గర ఎవరూ రాకూడదండీ" అన్నాడు. మర్నాడు మిరపకాయ వడియాలు వేయించి వాళ్ళావిడకి ఇచ్చొచ్చాను. ఇప్పుడు మేడ తాళం చెవి వాళ్ళావిడే పంపిస్తుంది.

చాలామంది పెద్దవాళ్ళని పెద్దింట్లో కట్టిపడేసేది ఇంకొకటుంది, బయటికి చెప్పరు. తద్దినం ఎక్కడ పెట్టాలి? భోక్తలు, మడి వంట, పిండాలకి పెరడు, కాకి. మా మావయ్యగారి ఆబ్దికం ఇప్పుడు గోదావరి ఒడ్డున కోటిలింగాల రేవు దగ్గర జరుగుతోంది. పురోహితులు ఉన్నారు, వంట చేసిపెట్టేవాళ్ళు ఉన్నారు, కాకులైతే చెప్పక్కర్లేదు. "నాన్నగారు ఒప్పుకుంటారా?" అని మీ బావగారు మొదట తటపటాయించారు. రోజూ గోదావరి స్నానం చేసిన మనిషి ఆ ఒడ్డున ఎందుకు ఒప్పుకోరండీ అన్నాను. పుష్కరాల చుట్టాలకి కూడా అంతే, పక్క వీధి లాడ్జిలో గదులు చూసి పెడతాం, భోజనానికి మా ఇంటికి రమ్మంటాం.

వచ్చినవి కూడా చెప్పాలి కదా! తాళం ఒక్కటే. అది వేసి నెల రోజులు కూతురింటికి వెళ్ళొచ్చినా పెరట్లో ఎవరు గోడ దూకుతారో అన్న బెంగ లేదు. రాత్రి మీ బావగారికి గుండెల్లో మంటొస్తే ఎదురు ఫ్లాటు కుర్రాడు బండి తీశాడు. పాతింట్లో అయితే నేను కేక వేస్తే వినేది కొబ్బరిచెట్లే. పనిమనిషి రానిరోజు కూడా ఇల్లు తొమ్మిదింటికల్లా తుడవడం అయిపోతుంది. ఆ తర్వాత నా పొద్దు నాది.

ఎప్పుడు మారాలి అంటే, అరవై నుంచి అరవై ఐదు లోపల అంటాను. అటక ఎక్కే శక్తి మనకుండాలి, ఏది ఎవరికివ్వాలో మన నోటితో చెప్పగలగాలి. ఇద్దరూ ఉన్నప్పుడు మారాలి. ఒకరు పోయిన ఏడాదిలో ఇల్లు అమ్మడం, సర్దడం, మారడం ఏ ఆడదాని నెత్తినా పెట్టకూడదు. మా పిన్నికి అలా జరిగింది. పదకొండో రోజు దాటకముందే గదులు ఖాళీ చేశారు, ఆవిడ కళ్ళజోడు పెట్టె కూడా ఎవరో సర్దేశారు.

కాబట్టి ఈ ఆదివారం పొద్దున్న ఫోన్ రాగానే గ్యాసు కట్టేసి హాల్లోకి వెళ్ళి కూర్చో. ఫోన్ స్పీకర్లో పెట్టమను. "ఏ ఊరు, ఎన్నో అంతస్తు, ఎవరి పేరు మీద" అని మూడూ అడుగు. జవాబు నచ్చకపోతే సర్దడం మొదలెట్టకు.